ఇంట్లో తిట్లు తినకుండా వినగలిగే హార్డ్‌కోర్ ఆల్బమ్ ఏదైనా ఉందా?

"బరువైన రిఫ్‌లు ఇష్టమే, కానీ ఆల్బమ్ మొత్తం అరుస్తూనే ఉంటే తలనొప్పి వస్తోంది. మధ్యమధ్యలో కాస్త ఊపిరి తీసుకోనిచ్చే హార్డ్‌కోర్ ఆల్బమ్ ఒకటి చెప్పండి, ఇంట్లో వాళ్ళు కూడా తిట్టకూడదు" అని కదా మీ ప్రశ్న. (కొత్తవాళ్ళ కోసం: రిఫ్ అంటే గిటార్ మీద మళ్ళీ మళ్ళీ వచ్చే చిన్న వరస, హార్డ్‌కోర్ అంటే పంక్ రాక్‌లో ఇంకా కోపంగా, అరుపులతో సాగే రకం.) మొదటి సగానికి నా దగ్గర జవాబుంది. ఇంట్లో వాళ్ళ సంగతి చివర్లో చెబుతాను.

ఐసిస్ అనే బ్యాండ్ 2002లో తెచ్చిన ‘ఓషియానిక్’ వినండి. తొమ్మిది ట్రాకులు, మొత్తం గంటకి కాస్త పైన. అమెరికాలోని బోస్టన్‌లో 1997లో మొదలైన బ్యాండ్ అది. పేరు చూసి కంగారు పడకండి, అది ఈజిప్టు దేవత పేరు. తర్వాత ఆ మూడక్షరాలకి వేరే అర్థం వచ్చి పడింది, పాపం వాళ్ళు అప్పటికే విడిపోయారు. ఆఫీసు కంప్యూటర్‌లో వెతికేటప్పుడు మాత్రం పక్కన ‘బ్యాండ్’ అని తప్పకుండా చేర్చండి. ఒకసారి చేర్చడం మర్చిపోయి, వెనకాల నిలబడ్డ మేనేజర్‌కి పది నిమిషాలు సంజాయిషీ చెప్పుకున్నాను.

నేను దీన్ని మొదటిసారి విన్నది 2009లో, విశాఖలో ఇంజినీరింగ్ చదివేటప్పుడు. ఒక సీనియర్ పెన్‌డ్రైవ్‌లో నలభై ఫోల్డర్లు పడేసి ఇచ్చాడు. అందులో ఇదొకటి. జగదాంబ జంక్షన్ దగ్గర ఫుట్‌పాత్ మీద అరవై రూపాయలకి కొన్న ఇయర్‌ఫోన్స్ నావి. నెల తిరక్కుండానే కుడి చెవి పోయింది. మద్దిలపాలెం నుంచి కాలేజీ బస్సులో కూర్చుని, ఆ మిగిలిన ఒక్క చెవితో మొదటి పాట విన్నాను. పక్కింట్లో ఎవరో గోడకి మేకులు కొడుతున్నట్టు అనిపించింది. రెండో పాట సగంలో మార్చేశాను. ఫ్రెండ్స్‌తో "బోర్ రా, ఏం లేదు అందులో" అని కూడా చెప్పాను. అలా ఆరు నెలలు చెప్పుకు తిరిగాను.

తర్వాత ఒక ఆదివారం సాయంత్రం లాసన్స్ బే దగ్గర రాళ్ళ మీద కూర్చున్నప్పుడు ఫ్రెండ్ హెడ్‌ఫోన్స్ తెచ్చాడు, రెండు వైపులా పనిచేసేవి. అదే ఆల్బమ్ పెట్టాడు. ఎడమ చెవిలో ఒక గిటార్, కుడి చెవిలో ఇంకో గిటార్, ఆ రెండిటి వెనక ఎక్కడో పొగలా కీబోర్డు. ఇన్నాళ్ళూ నేను విన్నది సగం ఆల్బమే. నాకు నచ్చలేదని చెప్పుకు తిరిగిందీ ఆ సగమే. అందుకని మీకు నా మొదటి సలహా సంగీతం గురించి కాదు. ముందు ఇయర్‌ఫోన్స్ రెండు వైపులా మోగుతున్నాయో లేదో చూసుకోండి.

అసలు హార్డ్‌కోర్‌కీ ఈ పది నిమిషాల పాటలకీ ఏం సంబంధం అని మీకు అనుమానం రావచ్చు. 1980ల మొదట్లో వాషింగ్టన్‌లో మైనర్ థ్రెట్ లాంటి కుర్రాళ్ళ బ్యాండ్లు వాయించిన హార్డ్‌కోర్ పాటలు ఒకటి రెండు నిమిషాలకి మించేవి కావు. వేగం, కోపం, అయిపోవడం. సోలోలు లేవు, అలంకారాలు లేవు. ఆ కోపాన్నే ఉంచుకుని వేగాన్ని వదిలేస్తే ఏమవుతుందో చూసిన వాళ్ళలో కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌కి చెందిన న్యూరోసిస్ ముఖ్యమైన బ్యాండ్. 1985లో మామూలు హార్డ్‌కోర్ బ్యాండ్‌గా మొదలై, 1996లో ‘త్రూ సిల్వర్ ఇన్ బ్లడ్’ వచ్చేసరికి గుర్తుపట్టలేనంత నెమ్మదిగా, బరువుగా మారిపోయింది. ఐసిస్ ఆ దారిలోనే వచ్చింది. కాకపోతే న్యూరోసిస్ వింటే నాకు ఊపిరాడదు, ఐసిస్‌లో కిటికీలు ఉంటాయి. ఈ తరహాకి తర్వాత పోస్ట్-మెటల్ అని పేరు పెట్టారు. ఆ పేరుతో మీకు పని లేదు.

‘ఓషియానిక్’కి ఒక కథ ఉంది. ప్రేమలో దారుణంగా మోసపోయిన ఒక మనిషి చివరికి సముద్రంలో మునిగిపోతాడు. పాడే ఆరన్ టర్నర్ గొంతు అరుపుకీ గర్జనకీ మధ్యలో ఉంటుంది. మాటలు అమెరికా వాళ్ళకైనా మొదటిసారి అర్థమవుతాయని నేననుకోను. కథ తెలియకపోయినా నష్టం లేదు. నేను కథ తెలియకుండానే రెండేళ్ళు విన్నాను.

ఇక మీరు అడిగిన ‘ఊపిరి తీసుకోవడం’ దగ్గరికి వస్తాను. ఇక్కడ మీతో కొంచెం పేచీ ఉంది. ఈ ఆల్బమ్‌లో నెమ్మది భాగాలు బోలెడున్నాయి, కానీ అవి విశ్రాంతి కోసం పెట్టినవి కావు. మా ఊరి ఆర్కే బీచ్‌లో నీళ్ళలో నిలబడ్డ వాళ్ళకి ఇది చప్పున అర్థమవుతుంది. అల వచ్చి మోకాళ్ళకి కొట్టినప్పుడు అందరూ కేకలు వేస్తారు, నవ్వుతారు. అల వెనక్కి పోయేటప్పుడు నీళ్ళు ప్రశాంతంగా కనిపిస్తాయి, కానీ కాళ్ళ కింద ఇసుక జారిపోతూ ఉంటుంది. ఈత వచ్చిన వాళ్ళని కూడా లోపలికి లాగేది ఆ వెనక్కి పోయే నీళ్ళే. ఏటా అక్కడ ప్రాణాలు పోతూనే ఉంటాయి. ఈ ఆల్బమ్‌లో మెల్లగా సాగే భాగాలు ఆ పని చేస్తాయి. రిఫ్ వచ్చి కొట్టేసరికి మీరు అప్పటికే లోపల ఉంటారు.

(సముద్రం పేరెత్తితే మా ఊళ్ళో ప్రతివాడూ హుద్‌హుద్ అంటాడు. 2014 అక్టోబరు 12న ఇంట్లో తలుపుకి బీరువా అడ్డం పెట్టి కూర్చున్న వాణ్ణి నేను. ఆ గాలికి సరిపోయే రిఫ్ ఇంకా ఎవరూ వాయించలేదు. ఆ పోలిక నేను చెయ్యను.)

ఆ నెమ్మది భాగాల సంగతి నాకు విని తెలియలేదు, వాయించబోయి తెలిసింది. 2010లో మేం నలుగురం ఒక బ్యాండ్ పెట్టాం. ఎంవీపీ కాలనీలో ఒక డాబా మీద రేకుల షెడ్డు, ఆదివారం పది నుంచి ఒంటి గంట దాకా. మా డ్రమ్మర్ అంతకుముందు వినాయక నిమజ్జనాల్లో డోలు వాయించినవాడు. వాడి చేతిలో బలానికి లోటు లేదు, ఆగమంటేనే రాదు. ‘వెయిట్’ అనే పాట ఎంచుకున్నాం. పేరుకి తగ్గట్టే బరువు. దాదాపు పదకొండు నిమిషాలు, మాటలు దాదాపు లేవు, ఒక ఆడగొంతు దూరం నుంచి తేలుతూ ఉంటుంది. అది ట్వెంటీ సెవెన్ అనే బోస్టన్ బ్యాండ్‌లో పాడే మరియా క్రిస్టఫర్ గొంతు. మాకు అంత గొంతు ఉన్న వాళ్ళు దొరకలేదు కాబట్టి ఆ వరస నేనే గిటార్ మీద వాయించాను.

వేగంగా వాయించడమే కష్టం అనుకునేవాణ్ణి. నెమ్మదిగా వాయిస్తే ప్రతి తప్పూ బయటికి కనిపిస్తుంది. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీ ఎక్కువైతే చెయ్యి ఆగదు, ముందుకి తోసుకుపోతుంది. పదకొండు నిమిషాల పాటని మేం ఏడు నిమిషాల్లో ముగించేసేవాళ్ళం. మా డ్రమ్మర్ ఒక ఆదివారం కర్రలు పక్కన పెట్టి, నాలుగు దెబ్బలకోసారి "రా... రా... రా..." అని నోటితో లెక్క పెట్టుకుంటూ అరగంట కూర్చున్నాడు. అప్పుడు దారిలో పడింది. కింద వాటాలో ఉండే ఆంటీ పైకొచ్చి "బాబూ, మోటార్ ఏమైనా పాడైపోనాదేటి?" అని అడిగిందీ ఆ రోజే.

గిటార్‌కి ఆ పొగలాంటి శబ్దం ఎలా వస్తుందని మీలో ఎవరికైనా సందేహం ఉంటే, దాని వెనక రెండు పనిముట్లు ఉన్నాయి. బొర్రా గుహల్లో నిలబడి కేక వేస్తే ఆ కేక వెంటనే పోకుండా చుట్టూ నిండిపోతుంది చూడండి, అది రివర్బ్. ఎదురుగా కొండ ఉన్నచోట అరిస్తే అదే మాట కాస్త ఆగి, ఇంకాస్త సన్నగా, మళ్ళీ మళ్ళీ తిరిగొస్తుంది, అది డిలే. ఈ రెండూ ఇచ్చే పెడల్స్‌ని కాలితో నొక్కి, మీద ఒక్కో స్వరమే మీటితే చాలు, పది మంది వాయిస్తున్నంత విశాలం వస్తుంది. మళ్ళీ వాటిని ఆపేసి, తీగల శ్రుతి బాగా కిందికి దించిన గిటార్‌ని డిస్టార్షన్‌తో, అంటే శబ్దాన్ని గరగరలాడించి వాయిస్తే ఆ విశాలం ఒక్కసారిగా మీద కూలినట్టు ఉంటుంది. ఐసిస్‌లో బ్రయంట్ క్లిఫర్డ్ మేయర్ అనే ఆయన ఒక్కడే గిటారూ ఎలక్ట్రానిక్స్ రెండూ చూసుకునేవాడు. మేం నలుగురం డబ్బులు పోగేసి ఒకే ఒక్క డిలే పెడల్ కొనుక్కున్నాం. ఎవరి వంతు వస్తే వాళ్ళకి కాలితో తోసేవాళ్ళం.

ఆ పాట మేం జనం ముందు ఒక్కసారే వాయించాం. ఒక కాలేజీ ఫెస్ట్‌లో, సాయంత్రం ఏడింటికి. అంతకుముందు సినిమా పాటలకి డాన్సులు, తర్వాత ఫ్యాషన్ షో. మధ్యలో మేం. మొదటి నాలుగు నిమిషాలు పాటలో జరిగేది చాలా తక్కువ. మెల్లగా ఒక గిటార్, దాని కింద బేస్, అప్పుడప్పుడూ డ్రమ్స్ పక్కనుండే సింబల్ అనే ఇత్తడి పళ్ళెం మీద చిన్న దెబ్బ. జనం మేం సౌండ్ చెక్ చేసుకుంటున్నాం అనుకున్నారు. ఐస్‌క్రీమ్ కొనుక్కోవడానికి పోయారు. ముందు వరసలో ఒకడు "మొదలెట్టండి బాసూ" అని అరిచాడు. సరిగ్గా పాట లేవబోయే ముందు, ఆర్గనైజర్ ఒకాయన సౌండ్ అబ్బాయికి ఏదో సైగ చేశాడు. మైకులు, స్పీకర్లు అన్నీ కట్. మేం ఆ సంగతి గమనించలేదు, స్టేజి మీద మా ఆంప్‌లు, అంటే గిటార్ శబ్దం పెంచే పెట్టెలు, మోగుతూనే ఉన్నాయి. ఏడు నిమిషాల పాటు కళ్ళు మూసుకుని ప్రాణం పెట్టి వాయించాం. కళ్ళు తెరిచేసరికి పక్కన ఫ్యాషన్ షో అమ్మాయిలు వరసగా నిలబడి వాచీలు చూసుకుంటున్నారు.

అప్పుడు చాలా కోపం వచ్చింది. ఇప్పుడు ఆ ఆర్గనైజర్‌ని పెద్దగా తప్పుపట్టను. హోరు కోసం వచ్చిన వాళ్ళకి నిశ్శబ్దం ఇచ్చి, అది కూడా పాటే అని ఎవరూ చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? మొదటిసారి బస్సులో విన్నప్పుడు నేను చేసింది మాత్రం ఏమిటి? అదే ఏడాది జూన్‌లో ఐసిస్ మాంట్రియల్‌లో చివరి కచేరీ చేసి విడిపోయింది. మా బ్యాండ్ ఇంకో మూడు నెలలు నడిచింది, ప్లేస్‌మెంట్ల టెన్షన్ మొదలై ఆగిపోయింది.

మీరు ఎక్కడ మొదలుపెట్టాలి అంటే, మొదటి పాటతో వద్దు. నాలుగో పాట ‘క్యారీ’ పెట్టండి. మెల్లగా మొదలై మీ కళ్ళ ముందే పెరుగుతుంది, ఏం జరుగుతోందో అర్థమవుతుంది. తర్వాత ఆరోది ‘మారిటైమ్’, మూడు నిమిషాలు, అందులో అరుపులే లేవు. ఆ రెండూ నచ్చితే ఏదో ఒక రాత్రి మొదటి నుంచి చివరి దాకా ఆపకుండా వినండి. షఫుల్‌లో మాత్రం పెట్టకండి, ఇడ్లీ పిండి రుబ్బకుండా ఆవిరి పట్టినట్టు ఉంటుంది. నచ్చకపోతే ఐసిస్ 2004 ఆల్బమ్ ‘పనోప్టికాన్’ చూడండి, అది ఇంకా మెత్తగా, ఎక్కువ పాడుతూ ఉంటుంది. చాలామంది దాన్నే గొప్పదంటారు. నాకు కొంచెం నున్నగా అనిపిస్తుంది, కానీ మీ ప్రశ్న చూస్తే మీకు అదే నచ్చొచ్చు. ఇంత ఓపిక లేదు, చిన్న పాటలే కావాలి, అయినా మధ్యలో తేలికపాటి మెరుపులు ఉండాలి అంటే బాల్టిమోర్ బ్యాండ్ టర్న్‌స్టైల్ 2021 ఆల్బమ్ ‘గ్లో ఆన్’ ఉంది. అరగంట దాటి కొద్దిసేపు, సింథసైజర్లతో సహా. అది పగలు వినేది.

ఇక ఇంట్లో వాళ్ళ సంగతి. అప్పట్లో మా అమ్మ ఈ ఆల్బమ్ వినపడగానే వంటింట్లోంచి "ఎవర్ని కొడతన్నార్రా అక్కడ?" అనేది. ఇప్పుడు నా కారులోనే భీమిలి వెళ్ళి వస్తూ ఉంటుంది కాబట్టి వినక తప్పదు. పోయిన నెల ఋషికొండ దాటాక ‘వెయిట్’ మొదలైంది. ఆ ఆడగొంతు రాగానే "ఇదేదో బాగుందిరా, దేవుడి పాటలా ఉంది" అంది. సీటు వెనక్కి వాల్చుకుని నిద్రపోయింది. పదకొండు నిమిషాలూ కదల్లేదు. తర్వాతి పాటలో టర్నర్ అరుపు అందుకునేసరికి ఉలిక్కిపడి లేచి, బ్యాగు చేతిలోకి తీసుకుని, "ఇల్లొచ్చేసిందేటి?" అంది.