మా అమ్మాయి జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) చదువుతోంది. నర్సులు ఏ విభాగంలో చేరాలో ఏం చూసి ఎంచుకుంటారు?

ఈ ప్రశ్నకి చాలామంది సేవాభావం చూసి అంటారు, అది ఇంటర్వ్యూలో చెప్పే మాటేనండి. నేను ఐసీయూ వదిలి డయాలసిస్‌కి (కిడ్నీలు పనిచెయ్యనివాళ్ల రక్తాన్ని మిషన్‌తో శుభ్రం చేసే విభాగానికి) వచ్చింది నైట్ డ్యూటీ ఉండదని. పిల్ల చిన్నది, అత్తగారికి మోకాళ్ల నొప్పులు. మా కోనసీమలో సంబంధాలకొచ్చేవాళ్లు కూడా జీతం కన్నా ముందు "నైట్లు వేస్తారా?" అనే అడుగుతారు. నన్నడిగితే నూటికి తొంభై మంది నర్సులు ఇలాగే ఎంచుకుంటారు, పైకి చెప్పరంతే.

ఉండిపోవడానికి కారణం వేరు. ఐసీయూలో మనిషి కోలుకుంటే వార్డుకి పంపేస్తాం, మళ్లీ కనబడడు. ఇక్కడ అదే మనిషి వారానికి మూడుసార్లు వస్తాడు, వచ్చినప్పుడల్లా నాలుగేసి గంటలు మన ఎదురుగానే ఉంటాడు. ఎవరింట్లో ఏం వండారో బరువు మిషనే చెప్పేస్తుంది. పులస చేప దొరికే రోజుల్లో చూడాలి మరి! పులుసు తిని, దాహమేసి, చెంబుల కొద్దీ నీళ్లు తాగి వస్తారు. ఆ నీళ్లు బయటికి పోక బరువు పెరిగిపోతుంది.

2022 జూలై గోదావరి వరదప్పుడు ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చారు, ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. మాకొచ్చే పెద్దాయనొకరిది గోదావరి మధ్య లంక ఊరు. దారి మునిగిపోయి ఆయన డయాలసిస్ వంతు తప్పింది. ఆ తర్వాత ఇంజన్ పడవలో రేవు దాటించి, ఆటోలో తెచ్చారు. కాళ్లు నిలబడటం లేదు, నాడి నెమ్మదిగా కొట్టుకుంటోంది. ఈసీజీ తీస్తే టీ వేవ్‌లు (గీతలోని ఒకరకం అలలు) గుడారాల్లా లేచి ఉన్నాయి. పొటాషియం పెరిగిందని చూడగానే అర్థమైంది.

"బాబాయ్‌గారూ, ఏం తాగారండీ?"

"ఏం తాగుతామమ్మడూ, బోరు మునిగిపోయింది. ఇంట్లో కొబ్బరి బొండాలే ఉన్నాయి."

బొండాం నీళ్లు ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి అమృతమే. కిడ్నీలు పనిచెయ్యనివాళ్లకి అందులోని పొటాషియం బయటికి పోక గుండె ఆగిపోవచ్చు. డాక్టరుగారు మానిటర్ చూస్తూ కాల్షియం గ్లూకోనేట్ మెల్లగా ఎక్కించారు. అది గుండెని కాస్తుందే గానీ పొటాషియాన్ని తియ్యదు, తియ్యాల్సింది మిషనే. నేను ఫిస్టులాకి (డయాలసిస్ కోసం చేతిలో ధమనిని, సిరని కలిపి చేసిన చోటు) సూదులు పెట్టి మిషన్ మీద వేశాను. కాసేపటికి ఈసీజీలో ఆ అలలు దిగుతుంటే ఆయన కళ్లు తెరిచి "అమ్మడూ, ఉప్మా ఏమన్నా ఉందా?" అన్నారు. నవ్వాలో తిట్టాలో తెలీలేదు. తిట్టాననుకోండి.

అసలు నా కోపం డైట్ చార్టుల మీద. యాపిల్ తినొచ్చు, ఆరెంజ్ జ్యూస్ వద్దు అని అచ్చేస్తారు. లంకలో ఆరెంజ్ జ్యూస్ ఎవడు తాగుతాడు? బొండాం, అరటిపండు, మామిడి తాండ్ర వద్దని పెద్దక్షరాల్లో వెయ్యాలి. కూరముక్కలు ఉడికించి నీళ్లు వార్చెయ్యాలని వెయ్యాలి. ఎన్నిసార్లు చెప్పినా వినేవాళ్లు లేక, నేనే అట్టముక్క మీద రాసి గోడకి అంటించాను.

ఇక మీ అమ్మాయి సంగతి. విభాగం కన్నా ముందు అక్కడ ఇన్‌ఛార్జి సిస్టర్ ఎవరో, ఎలాంటిదో కనుక్కోమనండి. డయాలసిస్‌కే వస్తానంటే, సూది పెట్టేముందు ఫిస్టులా మీద వేళ్లు పెట్టి ఝుమ్మంటోందో లేదో చూడటం మొదట నేర్చుకోవాలి. ఝుమ్మనకపోతే సూది ముట్టుకోకుండా డాక్టర్ని పిలవాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఏ ఆసుపత్రికీ ఇవ్వనివ్వకండి. నావి ఒకచోట బీరువాలో పెట్టి తాళం వేసుకుని, మానేస్తానంటే నెల జీతం ఎదురు కట్టమన్నారు.