జమున ఓడ చరిత్ర రాయబోతున్న మనవరాలికి

చిరంజీవి అమ్మడుకి తాతయ్య ఆశీస్సులు.

రెండో ప్రపంచ యుద్ధం నాటి మన నౌకాదళం ఓడ 'జమున' చరిత్ర రాస్తానన్నావు. ఎంత సంతోషమేసిందో! ఫోన్‌లో తెమిలే సంగతులు కావని ఉత్తరం రాస్తున్నాను.

అందరూ 1944 ఫిబ్రవరి 11తోనే ఎత్తుకుంటారు. కొలంబో నుంచి కలకత్తా వెళ్తున్న కాన్వాయ్‌లోని (అంటే కాపలా ఓడలతో కలిసి గుంపుగా వెళ్లే ఓడల్లోని) ఆస్ఫాలియన్ అనే సరుకు ఓడని, మన విశాఖకి దగ్గర్లోనే జపాన్ సబ్‌మెరైన్ ఆర్‌ఓ-110 టార్పెడోతో కొట్టింది. కాపలాగా ఉన్న జమున, ఆస్ట్రేలియా ఓడలు లాన్సెస్టన్, ఇప్స్‌విచ్ కలిసి ఆ సబ్‌మెరైన్‌ని ముంచేశాయి. నువ్వు మాత్రం అక్కడ మొదలుపెట్టకు. ముందు కాన్వాయ్‌ల సంగతి చూడు. ఏ రేవు నుంచి ఎన్ని ఓడలు బయల్దేరాయి, ఎన్ని క్షేమంగా చేరాయి అన్న లెక్క పక్కన పెట్టుకుని లాగ్‌బుక్ చదివితేనే, ఏమీ జరగలేదని రాసిన రోజుల్లో ఆ ఓడ ఎంత పని చేసిందో తెలుస్తుంది. స్కాట్లాండ్‌లోని డంబార్టన్‌లో 1940లో జలప్రవేశం, 1943లో ఇటలీలోని సిసిలీ దీవి మీద దాడి, వీటికి తలా ఒక పేరా చాలు.

ఆయుధాల పనితీరు తెలియకుండా పోరాటం గురించి రాయకు. ఓడ అడుగు నుంచి ఆస్‌డిక్ అనే పరికరంతో ధ్వనిని నీళ్లలోకి పంపి, అది సబ్‌మెరైన్‌కి తగిలి తిరిగొచ్చే సమయాన్ని బట్టి దూరం కట్టేవారు. తీరా సబ్‌మెరైన్ నెత్తి మీదకు చేరేసరికి ఆ ప్రతిధ్వని అందేది కాదు. నీళ్లలోకి దిగి పేలే బాంబులు, డెప్త్ చార్జీలేమో ఓడ వెనక నుంచి వదలాలి. అవి లోతుకి దిగేలోపు కింద ఉన్నవాడు పక్కకు తప్పుకోవచ్చు. పేలాక నీళ్లు కుదుటపడేదాకా మళ్లీ ఏమీ వినపడదు. రిపోర్టులో ఒక దాడికీ ఇంకో దాడికీ మధ్య కనిపించే ఖాళీ అదే. ఆ నిమిషాల్లో డెక్ మీద ఎంత టెన్షన్ ఉండి ఉంటుందో ఆలోచించి రాయి.

గడియారాల దగ్గర జాగ్రత్త. యుద్ధం రోజుల్లో మన దేశంలో గడియారాలు గంట ముందుకి జరిపారు, అంటే గ్రీనిచ్ కంటే ఆరున్నర గంటలు ముందు. జపాన్ నౌకాదళం రికార్డులు టోక్యో టైములో ఉంటాయి. మనకి రాత్రి తొమ్మిదిన్నర అయితే వాళ్లకి అర్ధరాత్రి. ఒకే సంఘటనకి రెండు తేదీలు కనిపిస్తే ఒకటి తప్పని కొట్టేయకు, ముందు టైము సరిచూడు. లాన్సెస్టన్, ఇప్స్‌విచ్‌ల కాగితాలకి కాన్‌బెర్రాలోని వార్ మెమోరియల్‌ని, బ్రిటిష్ కాగితాలకి లండన్‌లో క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌ని అడుగు. ఒక్క ఓడ రిపోర్టు చూసి ముంచిన ఘనత ఎవరికీ కట్టబెట్టకు.

పేర్లతో నేనొకసారి బాగా పొరపడ్డాను, అందుకే చెబుతున్నాను. 1944 ఆగస్టు 12న సీషెల్స్ దగ్గర జర్మన్ సబ్‌మెరైన్ యు-198ని బ్రిటిష్ ఓడ ఫిండ్‌హార్న్‌తో కలిసి ముంచింది మన 'గోదావరి'. దేశ విభజన తర్వాత అది పాకిస్తాన్‌కి వెళ్లి 'సింధ్' అయింది. 1983లో మన నేవీలో చేరిన ఐఎన్‌ఎస్ గోదావరి వేరే ఓడ. నేను రెండింటినీ కలిపేసి ఒక వ్యాసం రాసి పంపించేశాను. అచ్చయ్యాక తెలిసి, దిద్దుబాటు వేయించేదాకా నాకు నిద్ర పట్టలేదు. జమున కూడా తర్వాత సముద్రాన్ని కొలిచే సర్వే ఓడగా మారింది, ఆ కాగితాలు విడిగా వెతకాలి.

ఇంకొక్క మాట. ఆర్‌ఓ-110లో ఒక్కరూ బతకలేదు. మనవాళ్లు గెలిచారని రాసే పేజీలోనే వాళ్ల సంగతీ రాయి తల్లీ. వాళ్లు ఇప్పటికీ మన సముద్రంలోనే ఉన్నారు.

కాన్వాయ్‌ల లెక్క కుదిరాక మొదటి పేజీలు పంపు. పెన్సిలు పట్టుకుని కూర్చుంటాను.

ఆశీస్సులతో,
తాతయ్య