గుండె ముదిమి గురించి రాస్తున్న చిరంజీవికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ చిత్తుప్రతి చదివాను. ‘వయసుతో గుండె బలహీనపడుతుంది, వ్యాయామం దాన్ని మళ్ళీ బలపరుస్తుంది’ అన్న మొదటి వాక్యం కొట్టెయ్. జబ్బు లేని గుండె ఎనభయ్యో ఏట కూడా, విశ్రాంతిగా ఉన్నప్పుడు, కింది గది అయిన జఠరికలోని రక్తంలో సగానికి పైగానే ప్రతి స్పందనకూ బయటికి నెడుతుంది. అంటే ఇజెక్షన్ ఫ్రాక్షన్ పెద్దగా తగ్గదు. వయసు దెబ్బ ముఖ్యంగా రెండుచోట్ల తగులుతుంది: కుంచించుకున్నాక సడలడంలో, శ్రమ వేళ అడ్రినలిన్ సంకేతానికి స్పందించడంలో. వ్యాసమంతా ఈ రెండింటి చుట్టూ తిరగాలి.

ముందు కాల్షియం దారి పట్టుకో. విద్యుత్ ప్రేరణ అందగానే కణం పొరలోని ఎల్-టైప్ చానెళ్ళ గుండా కొద్దిగా కాల్షియం లోపలికొస్తుంది. ఆ కొద్దిపాటిదే రయనొడిన్ గ్రాహకాలనే తలుపులను తెరిపించి, కణం లోపలి సంచి లాంటి సార్కోప్లాస్మిక్ రెటిక్యులమ్‌లో నిల్వ ఉన్న కాల్షియాన్ని ఎక్కువ మోతాదులో వదిలిస్తుంది. అది ట్రోపోనిన్-సి అనే ప్రొటీన్ కి అతుక్కుంటుంది, కండ తంతువుల్లో మయోసిన్‌కి యాక్టిన్ మీద పట్టు దొరుకుతుంది, కండ కుంచించుకుంటుంది. చాలామంది ఇక్కడే ఆపేస్తారు, నువ్వూ ఆపేశావు. వచ్చిన కాల్షియం వెనక్కి పోకపోతే కండ సడలదు. కణపు ఇంధనమైన ఏటీపీని ఖర్చుపెట్టి దాన్ని తిరిగి రెటిక్యులమ్ లోకి తోడే పంపు పేరు సెర్కా. ఆ పంపుకి బ్రేకు ఫాస్ఫోలాంబాన్ అనే ప్రొటీన్. ముదుసలి ఎలుకల గుండెల్లో సెర్కా పని మందగించి సడలింపు సాగదీతగా జరుగుతుంది. మనుషుల్లో సడలింపు నెమ్మదించిన జాడ ఎకోలో (గుండె అల్ట్రాసౌండ్ పరీక్షలో) దొరుకుతుంది: జఠరిక నిండే తొలి దశలో రక్తపు వడి తగ్గుతుంది, పై గది అయిన కర్ణిక నెట్టే మలి దశలో పెరుగుతుంది. కుర్రతనంలో ఒకటికి పైనుండే ఈ తొలి, మలి వడుల నిష్పత్తి (E/A) వృద్ధాప్యంలో తరచు ఒకటి కిందికి జారుతుంది. నేరమంతా సెర్కా మీదే మోపకు. కండరాల మధ్య పేరుకునే కొల్లాజెన్‌కీ, బిగుసుకుపోయిన ధమనులకీ ఇందులో వాటా ఉంది.

ఇక సంకేతం. అడ్రినలిన్ కణం పొర మీది బీటా గ్రాహకాన్ని తాకితే జి-ప్రొటీన్ ద్వారా అడినైల్ సైక్లేజ్ అనే ఎంజైమ్ మేల్కొని, సైక్లిక్ ఏఎంపీ అనే సందేశక అణువును తయారుచేస్తుంది. దానితో ప్రొటీన్ కైనేజ్-ఏ అనే మరో ఎంజైమ్ పనిలోకి దిగి మూడు చోట్ల ఫాస్ఫేట్ తగిలిస్తుంది. ఎల్-టైప్ చానెల్ మీదైతే ఎక్కువ కాల్షియం వస్తుంది. ఫాస్ఫోలాంబాన్ మీదైతే సెర్కాకి బ్రేకు వదులవుతుంది. ట్రోపోనిన్-సి పక్కనుండే ట్రోపోనిన్-ఐ మీదైతే కాల్షియం త్వరగా విడిపోతుంది. ఒకే సంకేతం గట్టిగా పిండమనీ, త్వరగా సడలమనీ చెప్పడం ఇందులోని అందం. ఈ పేరాకి నీ వ్యాసంలో రెట్టింపు చోటివ్వు. ‘వయసుతో హార్మోన్లు తగ్గి గుండె నెమ్మదిస్తుంది’ అని రాశావు, అది తలకిందులు. వృద్ధుల రక్తంలో అడ్రినలిన్ తోబుట్టువైన నారడ్రినలిన్ సాధారణంగా ఎక్కువే ఉంటుంది, తగ్గేది దానికి గుండె ఇచ్చే స్పందన.

గరిష్ఠ గుండె వేగం పడిపోవడానికి ఇదీ ఒక కారణం. 220 నుంచి వయసు తీసేసే పాత లెక్కలో డెబ్బై ఏళ్ళకు నిమిషానికి 150 వస్తుంది. 208 నుంచి వయసులో 0.7 వంతు తీసేసే 2001 నాటి లెక్కలో 159. రెండూ సగటులే, మనిషికీ మనిషికీ పది పైచిలుకు తేడా మామూలు. బీటా బ్లాకర్లు (బీటా గ్రాహకాలను అడ్డుకునే మందులు) వాడేవారికి ఈ లెక్కలు పనికిరావని తప్పక రాయి. వ్యాయామ సాధనతో విశ్రాంతి వేగం తగ్గుతుంది, ఒక్కో స్పందనకు నెట్టే రక్తం పెరుగుతుంది. గరిష్ఠ వేగం మాత్రం పెరగదు.

ఎలుక ఫలితాన్ని మనిషికి అంటగట్టే చోట జాగ్రత్త. వయసుతో ఎలుక జఠరికలో ఆల్ఫా రకం మయోసిన్ తగ్గి బీటా రకం పెరుగుతుంది. మనిషి జఠరికలో ఉండేది మొదటినుంచీ ఎక్కువగా బీటానే. ఎలుకలో వదిలిన కాల్షియంలో 90 శాతానికి పైగా సెర్కానే తోడేస్తుంది, మనిషిలో సుమారు 70, మిగతాది చాలావరకు సోడియం మార్పిడితో కణం బయటికి పోతుంది. కాబట్టి ‘సాధన సెర్కాను పెంచింది’ అన్న వాక్యంలో అది ఏ జంతువులో అన్నది కూడా ఉండాలి.

మనుషుల మీద రాయడానికి డల్లాస్ పరిశోధకుల 2018 నాటి అధ్యయనం తీసుకో. 45–64 ఏళ్ళ, కదలిక లేని జీవితం గడిపేవారు రెండేళ్ళు, వారానికి నాలుగైదు రోజులు సాధన చేశారు. అందులో నాలుగేసి నిమిషాల తీవ్ర విడతలూ ఉన్నాయి. ఎడమ జఠరిక బిగువు తగ్గింది, గరిష్ఠ ఆక్సిజన్ వినియోగం 18 శాతం పెరిగింది. అదే బృందం అంతకుముందు 65 దాటినవారికి ఏడాది సాధన చేయిస్తే దమ్ము పెరిగింది గానీ బిగువు తగ్గలేదు. రెండూ పక్కపక్కనే పెట్టు. మొదటిదొక్కటే రాస్తే ఆశ అమ్మినట్టవుతుంది, రెండోదొక్కటే రాస్తే డెబ్బై ఏళ్ళాయన నడక మానేస్తాడు. వ్యవధులు వేరని కూడా చెప్పు, ఏడాదికీ రెండేళ్ళకీ నేరుగా పోలిక కుదరదు.

ఛాతీనొప్పి ఉన్నవారు, ఇదివరకే గుండెజబ్బు ఉన్నవారు తీవ్ర విడతలకు దిగేముందు వైద్యుణ్ణి కలవాలన్న వాక్యం చివర్లో ఎక్కడో వేశావు. దాన్ని ఆ విడతల ప్రస్తావన పక్కకే తెచ్చి, సవరించిన ప్రతి పంపు.