ఆల్ఫా 0.82 వచ్చింది, ఇక బడిలో వాడొచ్చా?

8 నుంచి 13 ఏళ్ల పిల్లలు తమ దిగులు, భయాల గురించి తామే నింపే 20 ప్రశ్నల ఫారం, 400 మంది జవాబులు, ఆల్ఫా (ప్రశ్నల మధ్య పొందికను చూపే క్రాన్‌బాక్ ఆల్ఫా అనే అంకె) 0.82. బడిలో వాడటానికి ఇది సరిపోతుందా అని అడిగారు. చాలదండీ. ప్రశ్నలు ఒకదానితో ఒకటి పొసగుతున్నాయని మాత్రమే ఆల్ఫా చెబుతుంది. ఒకే మాటను నాలుగు రకాలుగా తిప్పి అడిగినా అది పెరుగుతుంది. కొలుస్తున్నది దిగులునేనా అన్నది వేరే తేల్చుకోవాలి.

ముందు లెక్కలు పక్కన పెట్టండి. ప్రతి తరగతి నుంచి ఐదారుగురిని, ఒక్కొక్కరినే కూర్చోబెట్టి, ప్రశ్న చదివించి "ఇది ఏమడుగుతోంది? నీ మాటల్లో చెప్పు" అనండి. "తరచూ కడుపునొప్పి వస్తుంది" అన్నచోట "తరచూ" అంటే ఒకరికి రోజూ, ఇంకొకరికి నెలకోసారి. "నాకు భయం వేయదు" అని రాస్తే, భయపడే పిల్లవాడు "నిజం కాదు" దగ్గర టిక్ పెట్టాలి. చిన్న తరగతుల్లో చాలామంది ఇక్కడే తికమకపడతారు. ఇలాంటి తిరగేసిన ప్రశ్నలు ఫాక్టర్ అనాలిసిస్‌లో (కలిసి నడిచే ప్రశ్నలను గుంపులుగా విడదీసే లెక్కలో) వేరే గుంపుగా తేలతాయి. అదేదో కొత్త లక్షణం అనుకోకండి, అది వాక్యం తెచ్చిన తంటా. పిల్లల మానసిక ఇబ్బందులు చూసే, బాగా పేరున్న ఎస్‌డీక్యూ అనే ప్రశ్నావళిలో కూడా పిల్లలు సొంతంగా నింపే ఫారం 11 ఏళ్ల నుంచే. 8 ఏళ్లవాళ్లకి మీరే చదివి వినిపించడం మేలు.

ప్రతి ప్రశ్నకీ ఎంచుకునే జవాబులు మూడే కాబట్టి వాటిని వరుస స్థాయిలుగానే (ఒకదానికన్నా ఒకటి ఎక్కువ అని మాత్రమే చెప్పేవిగా) విశ్లేషించండి, మామూలు అంకెల్లా కాదు. ఆడపిల్లలకీ మగపిల్లలకీ, చిన్నవాళ్లకీ పెద్దవాళ్లకీ ప్రశ్నలు ఒకేలా పనిచేస్తున్నాయో చూడకుండా సగటులు పోల్చకండి. జవాబులు నిలకడగా ఉన్నాయో లేదో తెలియడానికి రెండు వారాల తర్వాత కొందరితో మళ్లీ నింపించండి. తల్లిదండ్రుల జవాబులతో సహసంబంధం (రెండూ ఎంతగా కలిసి నడుస్తాయో చూపే అంకె) 0.25 దగ్గర ఆగిందని ఫారం పారేయొద్దు. లోలోపలి దిగులు ఇంట్లోవాళ్లకి కనబడదు, పిల్లల్ని అడిగేదే అందుకు.

అసలు దెబ్బ కటాఫ్ దగ్గర, అంటే ఇంత స్కోరు దాటితే సమస్య ఉండొచ్చని గీసే గీత దగ్గర. వెయ్యిమందిలో వందమందికి నిజంగా సమస్య ఉందనుకోండి. ఫారం వాళ్లలో 80 శాతాన్ని పట్టుకుని, మిగతావాళ్లలో 80 శాతాన్ని సరిగ్గా వదిలేసినా, గీత దాటేది 260 మంది. అందులో సమస్య ఉన్నది 80 మందికే. కాబట్టి కటాఫ్‌ను నిపుణుల ఇంటర్వ్యూతో పోల్చి నిర్ణయించాలి, స్కోరును బట్టి ఏ బిడ్డకీ జబ్బు పేరు పెట్టకూడదు.

ఇంకొకటి. చనిపోవాలనిపించడం గురించి ప్రశ్న ఉంటే, ఫారాలు ఆ రోజే చదవడానికి ఒక మనిషి, అవును అన్న బిడ్డతో ఆ రోజే మాట్లాడటానికి ఒక నిపుణుడు ఉండాలి. అది కుదరకపోతే ఆ ప్రశ్న పెట్టకండి.