పాత సినిమా పోస్టర్లు హాల్లో పెట్టుకోవచ్చా అంటే, నిక్షేపంలా పెట్టుకోండి

కొత్త ఫ్లాట్ హాల్లో పాత తెలుగు సినిమా పోస్టర్లు పెడదామనుకుంటే ఇల్లు టీకొట్టులా ఉంటుందని ఇంట్లోవాళ్లు అంటున్నారని, అసలు వాటిలో కళ ఉందా అని అడిగారు కదా. చాలా ఉందండి. మేం చెన్నైలో సాలిగ్రామంలో ఉంటాం, మా హాల్లో ఏళ్లుగా ఒక పాత జానపద సినిమా వాల్ పోస్టర్ ఉంది, ఇంటికొచ్చిన వాళ్లు కుర్చీలో కూర్చోకముందే దాని దగ్గరికి వెళ్తారు.

ముందు ఒక సంగతి చూడండి. 1957లో వచ్చిన మాయాబజార్ నలుపు తెలుపు సినిమా, రంగులద్దిన ప్రింటు విడుదలైంది 2010లో. పోస్టర్లు మాత్రం అప్పుడే రంగుల్లో వచ్చాయి. అంటే చీర ఏ రంగు, కిరీటం మీద మెరుపు ఎటు పడాలి, వెనక ఆకాశం ఎంత ఎర్రగా ఉండాలి, ఇవన్నీ ఆ రోజుల్లో తేల్చింది పోస్టర్ వేసే ఆర్టిస్టే. చేతికొచ్చే స్టిల్స్ నలుపు తెలుపువి, వాటిని చూసి బొమ్మ గీసేవాళ్లు, లేదంటే ఫొటో మీదే రంగులు వేసేవాళ్లు. మా పోస్టర్లో హీరో ముఖం దగ్గరగా చూస్తే దవడ కింద ఆకుపచ్చ నీడ, ముక్కు అంచున ఒక్క పసుపు గీత, బ్రష్ ఒకేసారి లాగి వదిలేసిందని తెలిసిపోతుంది. మనిషి ముఖంలో ఆకుపచ్చేంటి అనిపిస్తుంది గానీ, నాలుగడుగులు వెనక్కి వచ్చి చూస్తే ఆ ఆకుపచ్చ వల్లే ముఖానికి నిండుతనం వచ్చింది.

ఇక అక్షరాలు, నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి ఇవే. టైటిల్ ఏ సినిమాకి ఆ సినిమాకే చేత్తో రాసేవాళ్లు. మన అక్షరాల్లో తలకట్టు సాగదీయొచ్చు, కొమ్ము తిప్పొచ్చు, వత్తును కిందికి దింపి బొమ్మలో కలిపేయొచ్చు, ఆ వెసులుబాటును మంచి ఆర్టిస్టులు తెగ వాడుకున్నారు. మా దానిలో చివరి అక్షరం దీర్ఘం సరిగ్గా హీరో కత్తి వాలిన వైపే వాలి ఉంటుంది. అది ఊరికే కుదిరింది కాదు, కూర్చుని ఆలోచించి చేసిన పని. ఈశ్వర్ గారని పబ్లిసిటీ డిజైనర్, బాపు గారి సాక్షి (1967)తో మొదలుపెట్టి మద్రాసులోనే ఉండి వందల సినిమాలకు చేశారు, 2021లో పోయారు. ఆయన రాసిన ‘సినిమా పోస్టర్’ పుస్తకానికి నంది అవార్డు కూడా వచ్చింది. ఆ పుస్తకం దొరికితే, పోస్టర్ కొనేముందు ఒకసారి తిరగేయండి, ఆ తర్వాత అభిమాన హీరో ఎవరని కాకుండా గీసింది ఎవరని చూడటం మొదలుపెడతారు. చాలా పోస్టర్లలో ఓ మూల ఆర్టిస్టు సంతకం ఉంటుంది, వెతకండి.

పెట్టే చోటు గురించి. ఇవి బస్సులో పోయేవాడు కూడా తల తిప్పి చూడాలని వేసినవి, ఒక్క షీటే దాదాపు 30 అంగుళాల వెడల్పు, 40 అంగుళాల ఎత్తు, కాబట్టి చూడటానికి కాస్త దూరం కావాలి. గుమ్మంలోంచి రాగానే ఎదురుగా కనబడే గోడకి ఒక్కటంటే ఒక్కటి పెట్టి చుట్టూ ఖాళీ వదిలేయండి. గోడ నిండా అరడజను అతికిస్తే మీవాళ్లు భయపడేది నిజమే అవుతుంది.

ఫ్రేము దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. చవక కాగితం, పైగా మన చెన్నై ఉక్క. లామినేషన్ అస్సలు చేయించకండి, మళ్లీ ఊడదు. చిరుగులకి సెల్లోటేపు వేయొద్దు, జిగురు గోధుమరంగు మరక అయిపోతుంది. పోస్టర్‌కి ఆనించే అట్ట, అదే మౌంటు బోర్డు, యాసిడ్ లేనిది అడగండి, అద్దానికీ కాగితానికీ మధ్య సందు ఉండాలి, లేకపోతే చెమ్మకి రెండూ అతుక్కుపోతాయి. వానకి తడిసే బయటి గోడ, ఎండ నేరుగా పడే గోడ, రెండూ పనికిరావు. మడతల గీతలు కనబడితే కనబడనివ్వండి, వాటిని ఊళ్లకి మడిచే పంపేవాళ్లు.

అసలువి దొరకడం కష్టమే, చాలావరకు మైదా జిగురుతో గోడలెక్కి, మీద ఇంకోటి పడి, అలాగే పోయాయి. రీప్రింట్ కొన్నా తప్పులేదు, టైటిల్ అంచులు మాత్రం దగ్గరగా చూడండి, నెట్‌లోని చిన్న బొమ్మని పెద్దది చేసిందైతే గళ్లుగళ్లుగా చెదిరిపోతుంది. దానికన్నా నేనైతే హాళ్ల దగ్గర అమ్మిన పాత పాటల పుస్తకాలు వెతుక్కోమంటాను. చాలావాటికి అట్ట మీద పోస్టర్ బొమ్మే ఉంటుంది, అసలు ముద్రణే, అరచేయంత సైజు, రెండు మూడు కలిపి ఒకే ఫ్రేములో వేయించుకుంటే మీవాళ్లు కూడా కాదనరు.