కొత్త రౌటర్ వెలిగి ఆరిపోతోందా? ముందు అడాప్టర్ చూడండి

"నిన్ననే కొత్త రౌటర్ బిగించారు. లైట్లు వెలుగుతున్నాయి, రెండు నిమిషాల్లో ఆరిపోయి మళ్ళీ మొదటి నుంచి వెలుగుతున్నాయి. బాక్స్ మార్చమని అడగాలా?" అని ఒకరు అడిగారు.

అప్పుడే అడక్కండి. ఇలాంటప్పుడు తప్పు చాలావరకు బాక్స్‌ది కాదు, అడాప్టర్‌దే. ఇది గట్టిగా చెప్తున్నాను.

పోయిన వేసవిలో కాకినాడలో మా అక్కావాళ్ళింట్లో అచ్చం ఇదే జరిగింది. పొద్దున్నే కుర్రాడొచ్చి బాక్స్ బిగించి, పవర్ లైట్ వెలగడం చూసి వెళ్ళిపోయాడు. అది పూర్తిగా లేచేదాకా ఆగలేదు. లైట్లు ఒక్కొక్కటే వెలిగేవి, ఫోన్‌లో వైఫై పేరు కనిపించేది, నొక్కేలోపు అన్నీ ఒకేసారి ఆరిపోయేవి. పదకొండింటికి మీటింగ్ ఉందని బావగారికి ఒకటే టెన్షన్, పిన్నీసు పట్టుకుని రీసెట్ నొక్కబోయారు. "వద్దు బావగారూ, అందులో ఎక్కించిన నెట్ కనెక్షన్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ పోతాయి" అని ఆపాను. నెట్ కంపెనీకి ఫోన్ చేస్తే "బాక్స్ పోయుంటుందండీ, ఎల్లుండి మారుస్తాం" అన్నారు.

టీవీ వెనక చెయ్యి పెట్టి అడాప్టర్ పీకి, టార్చ్ వేసి చూశాను. చీమ తలకాయంత అక్షరాలు: 12 వోల్టులు, 0.5 ఆంపియర్. రౌటర్ కింద స్టిక్కర్ మీదేమో 12 వోల్టులు, 1.5 ఆంపియర్. పాత బాక్స్ అడాప్టర్ పిన్ను సరిపోయిందని దాన్నే గుచ్చేశాడన్నమాట. కొత్తది కవరైనా విప్పకుండా అట్టపెట్టెలో పడుంది. అది పెట్టి మూడు నిమిషాలు ఆగాం. మళ్ళీ ఆరలేదు.

ఆన్ చేయగానే రౌటర్ తక్కువ కరెంటే లాగుతుంది. వైఫై మొదలయ్యాక ఎక్కువ కావాలి. చిన్న అడాప్టర్ అంత ఇవ్వలేదు, వోల్టేజీ పడిపోతుంది, బాక్స్ మళ్ళీ మొదటికొస్తుంది. వైఫై పేరు కనిపించి మాయమయ్యేది అందుకే. వోల్టులు కచ్చితంగా కలవాలి. ఆంపియర్లు, అంటే అడాప్టర్ ఇవ్వగల కరెంటు, ఎక్కువున్నా ఫరవాలేదు, తక్కువుండకూడదు. 9 వోల్టుల రౌటర్‌కి 12 వోల్టులు ఇస్తే కాలిపోవచ్చు కూడా. మధ్యలో మినీ యూపీఎస్ (కరెంటు పోయినా రౌటర్‌ని నడిపే చిన్న బ్యాటరీ పెట్టె) ఉంటే అది తీసేసి నేరుగా గోడ ప్లగ్గులో పెట్టి చూడండి.

అసలు అన్ని అడాప్టర్లనీ ఒకే నలుపులో, ఒకే పిన్నుతో చేయడమేమిటి? పెద్దవాళ్ళు ఆ అక్షరాలు ఎలా చదువుతారు? బాక్సేమో టీవీ వెనక ఇరికిస్తారు, గాలాడదు. నెట్ వచ్చే ఫైబర్ తీగని మేకు చుట్టూ మడిచేస్తారు, లోపలున్నది గాజు అన్న ధ్యాసే ఉండదు. అలా మడిస్తే సిగ్నల్ అందట్లేదని చెప్పే ఎల్ఓఎస్ అనే లైట్ ఎర్రగా వెలుగుతుంది. అది వేరే జబ్బు, అడాప్టర్ మారిస్తే పోదు, లైన్ మనిషి రావాల్సిందే. ఆ తీగ కొసలోకి మాత్రం కన్ను పెట్టి చూడకండి, అందులోని లేజర్ కంటికి కనపడదు.

సరైన అడాప్టర్ పెట్టినా ఆరిపోతుంటే అప్పుడు మార్చమని పట్టుబట్టండి. అక్క ఆ రోజే పాత అడాప్టర్‌కి తెల్ల టేపు చుట్టి, "ఇది పాతది, పెట్టొద్దు" అని మార్కర్‌తో పెద్దగా రాసి బీరువా మీద పెట్టింది.