పోట్లాట తర్వాత మొదటి మాట ఎవరిది?

ప్రశ్న: మా పెళ్లయి పదహారేళ్లయింది. ఇద్దరమూ ఉద్యోగస్తులమే, ఇద్దరు పిల్లలు. డబ్బుకు గాని, ఆరోగ్యానికి గాని లోటు లేదు. అయినా నెలకు రెండు మూడు సార్లు ఏదో చిన్న విషయం మీద మాటా మాటా పెరుగుతుంది, ఆ తర్వాత మూడు నాలుగు రోజులు మాట్లాడుకోము. "ఫోన్ మోగుతోందని మీ నాన్నకు చెప్పు" అని పిల్లల చేత చెప్పించుకుంటాము. పెద్దవాళ్లు సర్దుకుపొమ్మంటారు. ఎవరు సర్దుకుపోవాలన్నదే మా గొడవ. గొడవలు లేని సంసారానికి దారి ఏమిటి?
– ఒక పాఠకురాలు

జవాబు: గొడవ సంగతి తర్వాత చూద్దాం. ముందుగా పిల్లల చేత నడిపిస్తున్న రాయబారం ఈ రోజే ఆపేయండి. ఒకే గదిలో ఉన్న తల్లిదండ్రుల మధ్య మాట మోసే పిల్లవాడికి ఆ నాలుగు రోజులూ ఎవరి పక్షాన నిలబడాలో తెలియదు. తన వల్లే ఇదంతా జరిగిందేమోనన్న అనుమానం కూడా వాడి మనసులో ఒక మూల ఉంటుంది.

ఇక గొడవలు లేని సంసారం గురించి. దంపతుల తగాదాలను దశాబ్దాల పాటు పరిశీలించిన మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ గాట్‌మన్ లెక్కలో, వాటిలో సుమారు 69 శాతం ఎప్పటికీ తేలనివే. ఒకరు పొదుపరి, మరొకరు ధారాళంగా ఖర్చుపెట్టే మనిషి. ఒకరికి నలుగురిలో ఉండాలి, మరొకరికి ఏకాంతం కావాలి. ఇవి పరిష్కారమయ్యే సమస్యలు కావు, స్వభావాలు. అందుచేత "ఎవరు సర్దుకుపోవాలి" అనే ప్రశ్నకు మీరు పదహారేళ్లుగా జవాబు దొరకక ఇబ్బంది పడుతున్నారంటే ఆశ్చర్యం లేదు. నిజం చెప్పాలంటే, సర్దుకుపొమ్మనే సలహా చాలా ఇళ్లలో మెత్తని మనిషి మీదే పడుతుంది. అలా మింగిన మాట ఏళ్ల తర్వాత దెప్పిపొడుపుగా బయటికి వస్తుంది.

మీరు మార్చుకోగలిగింది ఆ మూడు నాలుగు రోజులను. కోపంలో గుండె నిమిషానికి 100 సార్లకు మించి కొట్టుకునే స్థితిలో ఎదుటి మాట చెవికెక్కదని, ఒళ్లు చల్లబడడానికి కనీసం 20 నిమిషాలు పడుతుందని గాట్‌మన్ అంటారు. కాబట్టి అక్కడినుంచి లేచి వెళ్లడం తప్పు కాదు, చెప్పకుండా వెళ్లడమే తప్పు. "ఇప్పుడు నేను మాట్లాడలేను, రాత్రి పిల్లలు పడుకున్నాక కూర్చుందాం" అని చెప్పి వెళ్తే అది విరామం. తలుపు ధడేలున వేసి వెళ్తే అది శిక్ష. రాత్రి కూర్చున్నప్పుడు న్యాయం ఎవరిదో తేల్చే పని పెట్టుకోకండి. "ఆ మాట నేను అనకుండా ఉండవలసింది" అన్న ఒక్క వాక్యంతో మొదలుపెట్టండి. దాని వెనుక "కానీ నువ్వు" అని తగిలించారో, చెప్పిన క్షమాపణ చెల్లదు.

శిశువుల మనస్తత్వాన్ని పరిశోధించిన ఎడ్వర్డ్ ట్రానిక్ 1970లలో చేసిన ఒక ప్రయోగంలో, అప్పటిదాకా నవ్వుతూ ఆడించిన తల్లి కాసేపు ముఖంలో ఏ భావమూ లేకుండా బిడ్డ ఎదుట కూర్చుంటుంది. బిడ్డ నవ్వుతుంది, చేతులు చాస్తుంది, కేక పెడుతుంది; ఫలితం లేకపోయేసరికి ముఖం తిప్పుకుంటుంది. తల్లి మళ్లీ పలకరించగానే మెల్లగా తేరుకుంటుంది. చక్కని అనుబంధం ఉన్న తల్లీబిడ్డలు సైతం ఒకరికొకరు సరిగ్గా అందేది దాదాపు 30 శాతం సమయమేనని, మిగతాదంతా తప్పిపోవడం, తిరిగి కలుసుకోవడమేనని కూడా ఆయన గమనించారు. మీ బెట్టు ముందు మీ పిల్లలది ఆ బిడ్డ పరిస్థితే. వాళ్ల ఎదుట పోట్లాడి, గది తలుపు వేసుకుని రాజీ పడే తల్లిదండ్రులు ఎక్కువ. రాజీని కూడా వాళ్లను చూడనివ్వండి.

ప్రశ్న: ఉద్యోగ విరమణ చేసి ఇంట్లో ఉంటున్నాను. నా అనుభవాలు చెప్పబోతే పదమూడేళ్ల మనవడు రెండు నిమిషాల్లో లేచి వెళ్లిపోతాడు. నేను ఎవరికీ పనికిరానా?
– ఒక తాతయ్య

జవాబు: తాతగారూ, మీరు గెలిచిన కథలే చెబుతున్నారేమో చూసుకోండి. అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్తలు మార్షల్ డ్యూక్, రాబిన్ ఫైవుష్ కుటుంబ చరిత్రపై 20 ప్రశ్నలు తయారుచేసి పిల్లలను అడిగారు: అమ్మానాన్నలు ఎలా కలుసుకున్నారో, పెద్దవాళ్లు ఎక్కడ పెరిగారో, ఇంటివాళ్లకు ఏ కష్టాలు వచ్చాయో తెలుసా అని. ఎక్కువ తెలిసిన పిల్లల్లో ఆత్మగౌరవం, తమ జీవితం తమ చేతుల్లో ఉందన్న నమ్మకం ఎక్కువగా కనిపించాయి. అన్నిటికన్నా బలాన్నిచ్చేవి పడి లేచిన కథలని వారి అభిప్రాయం.

మీరు పరీక్ష తప్పిన ఏడాది ఇంటికి వచ్చి ఎవరికి ముందు చెప్పారో, వాళ్లు ఏమన్నారో మనవడికి చెప్పి చూడండి. పక్కన కూర్చోబెట్టుకుని కాకుండా, ఇద్దరూ కలిసి ఏదో పని చేసుకుంటున్నప్పుడు చెప్పండి. మధ్యలో వాడు ఏదైనా అడిగితే, కథను అక్కడే ఆపి ఆ ప్రశ్నకే జవాబు ఇవ్వండి.